పలుకని తీగ

సోదరీమణులారా! వంటయిల్లు, పిల్లల చదువులు, వచ్చిపోవు బంధువుల మర్యాదలు, వీనితోనే ప్రొద్దు గడచిపోవు గృహిణికి కంప్యూటరు పలకలతోడను ఆటయంత్రములతోడను పనియేమి యని మీరు మమ్మడుగవచ్చును. ఆ ప్రశ్న మేమును వేసికొంటిమి. ఐనను గడచిన వేసవిలో నెల దినములపాటు మా నడిమిగదిలో నొక పాత యంత్రముతో మేము పడిన పాట్లును, ఆ పాట్లలో మాకు తెలియవచ్చిన రెండు సంగతులును నలుగురితో చెప్పికొనదగినవిగా తోచి యిది వ్రాయుచున్నాము.

మా బావగారు 2000వ సంవత్సరమున ఉద్యోగమునకై అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునకు వెడలిరి. వెళ్లిన యేటనే డ్రీమ్‌కాస్ట్ అను ఆటయంత్రము నొకదానిని కొనిరి. జపాను దేశీయులైన సేగా సంస్థవారు దానిని 1998 నవంబరు 27వ తేదీన స్వదేశమునను, 1999 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోను విడుదల చేసిరి. 2001 మార్చితో దాని తయారీ నిలిచిపోయెను. బ్రదికినది కొలదికాలమే యైనను దానికొక విశేషము కలదు. టెలిఫోను తీగ తగిలించుటకు మోడెము అందులోనే యమర్పబడియుండెను. వేర్వేరు ఊళ్లలోనివారు తమ తమ యిండ్లలో కూర్చుండి ఒకే యాటలో కలిసికొనుట కది యనుకూలించెడిది. బావగారు 2005లో ఇంటికి వచ్చినపుడు దానిని తమ్మునికొరకు తెచ్చి, తిరిగి వెళ్లునపుడిచ్చటనే విడిచిరి. కొన్నాళ్లకది అటుక యెక్కెను.

ఇక్కడ మా యింటి మాట యొకటి చెప్పక తప్పదు. బావగారును మా వారును ఇద్దరే అన్నదమ్ములు. 2021 మే నెలలో మా అత్తగారు గతించిరి. కరోనా రెండవసారి విజృంభించిన దినములు. విమానముల రాకపోకలు కుదింపబడి యుండెను. బావగారు రాలేకపోయిరి. తల్లి కడచూపు వారికి ఫోను తెరమీదనే దక్కెను. కర్మలన్నియు మా వారొక్కరే నడపిరి. రాలేకపోవుట వేరు, రాకుండుట వేరు అని మే మెంత చెప్పినను ఆ ముల్లు వారి మనస్సు విడువలేదు. ఏడాదిన్నర గడచి 2022 డిసెంబరులో బావగారు వచ్చినపుడు అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుండి వరిధరను గూర్చియు, కొత్తగా వేసిన రోడ్డును గూర్చియు మాటలాడిరి. అమ్మ మాట యిద్దరిలో నొక్కరును ఎత్తలేదు. ఆ మీదట పండుగలకు ఫోనులో శుభాకాంక్షలు పంపుకొనుట తప్ప వేరు పలుకు లేకపోయెను.

గడచిన వేసవి మొదట మా చిరంజీవి మా యొద్దకు వచ్చి, అమెరికాలోని అన్న తనకు వార్త పంపెననియు, పెదనాన్నగారి పాత యంత్రము మన అటుకమీద నున్నదట గదా యనియు అడిగెను. బావగారి కుమారుడు అక్కడ అటువంటి యంత్రమునే పాతసామానులలో కొని, దానిని ఇంటర్నెట్టుకు కలిపెనట. మనవాడును కలిపినచో ఇద్దరు నొకే యాటలో కలిసికొనవచ్చునట. ఆ పిల్లవానికి తెలుగు అంతంతమాత్రము; మా వానికి ఇంగ్లీషు మాటలాడ సిగ్గు. ఎదురుపడినపుడు ఒకరి నొకరు చూచి నవ్వుటతోనే వారి చుట్టరికము సరిపోవుచుండెను. ఈ సంగతి వినగానే మాకు యంత్రముమీద నొక పట్టుదల పుట్టెను. మా వారు మాత్రము, “ఆటలాడి బాగుపడ్డవాణ్ణి నేను చూడలేదు” అని వార్తాపత్రిక విప్పుకొనిరి. వలదని మాత్రము అనలేదు.

మొదటి చిక్కు విద్యుత్తుది. అమెరికా యిండ్లలో విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. ఆ దేశపు యంత్రమును మన గోడకు నేరుగా తగిలించినచో కాలిపోవును. మధ్య నొక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండవలెను. బావగారు 2005లోనే దానిని కొనిపెట్టిరి. ఇటుకరాయివలె బరువైన ఆ వస్తువును మా అత్తగారు పెరటి తలుపు గాలికి కొట్టుకొనకుండ అడ్డుగా పెట్టుచుండెడివారు. అదే స్థలమున నిప్పటికి నున్నది. తుడిచి తెచ్చితిమి.

యంత్రము వెలిగెను. వెలిగిన ప్రతిసారియు నేటి తేదీ యేదని యడుగుచుండెను. లోనున్న గడియారపు బ్యాటరీ యేండ్లు గడచి చచ్చిపోవుటయే దానికి కారణము. తేదీ చెప్పినచో ఊరకుండును. కాని పది నిమిషములకొకసారి తనంత తానే ఆరి మరల మొదలగుట మాత్రము ఓర్వరానిదయ్యెను. విచారింపగా, చాలకాలము మూలబడిన యంత్రములలో విద్యుత్తునందించు లోపలి సూదులకు చిలుము పట్టుటచే నిట్లగునని తెలిసెను. గోడనుండి తీగ తీసివేసి, ఒక పూటంతయు ఊరకుంచి, పిమ్మట మరలు విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో ఆ సూదులను తుడిచితిమి. విద్యుత్తు పలకను వెంటనే ముట్టరాదని మాత్రము ఇట్టి పని చేయబోవు సోదరీమణులు మరువరాదు. తీగ తీసినను అందు కొంతసేపు శక్తి నిలిచియుండును. ఆ దోషము అంతటితో తీరెను.

అసలు చిక్కు పిమ్మట మొదలయ్యెను. ఈ యంత్రము టెలిఫోను తీగ నెరుగును గాని నేటి ఇంటర్నెట్టు నెరుగదు. అది పిలువవలసిన టెలిఫోను సేవలు ఇప్పుడు లేవు. కావున నడుమ నొక దుబాసి కావలెను. ఆ పనికి రాస్ప్‌బెర్రీ పై అను ఒంటిపలక కంప్యూటరును వాడుదురు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జివారు, పిల్లలు కంప్యూటరు విద్య చౌకలో నేర్చుకొనవలెనను తలంపుతో 2012లో దీనిని తొలిసారి అమ్మిరి. తమలపాకంత పలకమీదనే కంప్యూటరు అంతయు ఇమిడియుండును. దానికొక మెమరీకార్డు, ఒక యూఎస్‌బీ మోడెము చేర్చి, డ్రీమ్‌పై అను ఉచిత ప్రోగ్రామును కార్డుమీద వ్రాసి పెట్టవలెను.

దాని యుపాయ మెంత చక్కనిదో వినుడు. పాత యంత్రము తన తీగ కావలికొనను టెలిఫోను ఎక్స్ఛేంజి యున్నదనియే నమ్మును. పూర్వము మనము ఫోనెత్తగానే చెవిలో నెడతెగక వినవచ్చుచుండిన ధ్వని, డయల్ టోను, మొదట దానికి వినబడవలెను. అది వినబడినగాని సంఖ్య నొక్కదు. ఈ పలక మోడెము ద్వారా ఆ ధ్వనిని కల్పించి తీగలోనికి పంపుచుండును. యంత్రము సంఖ్య నొక్క నారంభింపగానే ధ్వని నాపి, అంకెలను విని, పిలుపు నందుకొని, దానిని ఇంటి రౌటరు మీదుగా ప్రపంచముతో కలుపును. ఆటను చేసినవారి సర్వర్లు ఏనాడో మూతబడినవి. కొందరు ఔత్సాహికులు తమంత తాము వానికి మారుగా క్రొత్తవి నెలకొల్పిరి. యంత్రము పాత చిరునామానే అడుగును, దానికి క్రొత్త చిరునామా చెప్పబడును. ఇల్లు మారినవారి యుత్తరమును తపాలా బంట్రోతు క్రొత్త యింటికి చేర్చుట వంటిదే యిది.

అన్నియు తగిలించితిమి. తెరమీద “డయల్ టోను లేదు” అను భావమునిచ్చు ఇంగ్లీషు మాటలు కనబడెను. మరల చేసితిమి. మరల నదే. మూడు దినము లా మాటలే చూచితిమి.

మొదట మేము చేసిన తప్పు తొందరపాటు. ఒక సాయంకాలము మా చిరంజీవి కార్డును మరల వ్రాసి, తీగ మార్చి, మోడెమును వేరొక రంధ్రమున పెట్టి, మూడు పనులు నొక్కసారిగా చేసెను. పలకమీద దీపము క్షణకాలము నిలకడగా వెలిగి మరల నల్లాడెను. ఆ మేలు మూడింటిలో దేనివలన కలిగెనో చెప్పువాడు లేడు. చారు రుచి చెడినపుడు ఉప్పు, పులుపు, బెల్లము ఒక్కసారిగా వేసి కలిపిన కోడలివలె నుండెను మా పని. అప్పుడు మాకు చిన్ననాట నాయనగారు తర్కసంగ్రహము చెప్పుచు వివరించిన అన్వయ వ్యతిరేకములు స్మరణకు వచ్చెను. ఇది యున్నపుడు అది యున్నది, ఇది లేనపుడు అది లేదు, అని రెండు వైపుల నిర్ధారించుకొన్నగాని కారణమిది యని పలుకరాదు. మరునాడొక బడిపుస్తకము తీసి గీతలు గీచి, తేదీ, మార్చినది, ఫలము అని మూడు వరుసలు పెట్టితిమి. ఒకమారు ఒకటే మార్చవలెను. ఫలము వ్రాసినగాని రెండవదాని జోలికి పోరాదు. ఇది మా యింటి శాసనమయ్యెను.

శాసనము ఫలించెను. పలకమీది ఎర్రదీపము నడుమ నడుమ ఆరుట మేము చూచుచునే యుంటిమి గాని దానిని లెక్కపెట్టలేదు. మా యొద్దనున్న పలక, పై 3 అనునది, తనకందు విద్యుత్తు 4.63 వోల్టులకు తగ్గినచో ఆ దీపము నార్పి తన యాకలిని తెలుపునట. మేము దానికి పెట్టినది పాత ఫోను చార్జరు, సన్నని తీగ. దానికి 5.1 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు ఇవ్వగల అడాప్టరు కావలెను. అట్టిదానిని తెప్పించి పెట్టగా ఎర్రదీపము ఆరక నిలిచెను. పుస్తకమున ఆ దినపు ఫలము వ్రాయునపుడు మాకు కలిగిన సంతోష మింతంత గాదు. ఐనను ధ్వని మాత్రము వినరాలేదు.

రెండవది మోడెము. చౌకయని మేము తెప్పించినది దత్తాంశములనే పంపగలది, స్వరమును పలుకలేనిది. డయల్ టోను స్వరము గదా! మూగవాని చేత పాట పాడింప జూచితిమి. స్వరము పలుకగల మోడెమును పదునైదు దినములు కాచి తెప్పించితిమి. అప్పటికిని ధ్వని లేదు. ఇక్కడ మేము పొరబడిన తీరు చెప్పుట మీకు మేలగును. తీగలో ధ్వని యున్నదో లేదో తెలిసికొనుటకు మా పాత మీటల ఫోనును మోడెముకు తగిలించి చెవియొద్ద పెట్టుకొంటిమి. నిశ్శబ్దము. కావున క్రొత్త మోడెమును పాడేయని తీర్పు చెప్పి, తిరిగి పంపుటకు పెట్టెలో పెట్టితిమి. తరువాత తెలిసినదేమన, ఇంటి ఫోనుకు ఎక్స్ఛేంజినుండి తీగవెంట ఇంచుమించు 48 వోల్టుల విద్యుత్తు వచ్చుచుండును; దానితోనే అది పనిచేయును. మా చిన్న తీగకు ఆవల ఎక్స్ఛేంజి లేదు, విద్యుత్తు లేదు. ధ్వని యున్నను ఆ ఫోను పలుకదు. పరీక్షించు సాధనమే ఆ పరీక్షకు తగనిది. నిర్దోషియైన మోడెముమీద రెండు దినములు నింద మోపితిమి.

ఆ రాత్రి మాకు అరణ్యపర్వములోని దమయంతి తలపునకు వచ్చెను. బాహుకుడు నలుడగునా కాడా యని యామె ఒక్క పరీక్షతో తేల్చుకొనలేదు. కేశినిని పంపి నీటిని, నిప్పును పరికింపజేసినది; వాడు వండినది తెప్పించి రుచి చూచినది; బిడ్డలను పంపి వాని కన్నులు చెమ్మగిల్లునేమో కనుగొన్నది. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క ప్రయోజనము. రూపమును మాత్రము చూచి కాడని త్రోసివేసియున్నచో ఏమగును? మోడెమును పెట్టెలోనుండి మరల తీసితిమి.

ఈసారి గొలుసును మరియొక కొననుండి చూచితిమి. పలకకు ముందు ఇంటర్నెట్టు అందవలెను. తనకది యందనిదే అది ధ్వని కల్పింపదు. మేము తీగలేని మార్గమున దానిని రౌటరుకు కలిపితిమి. రహస్యపదములో నొక యక్షరము తప్పు వ్రాసితిమి. తీగనే నేరుగా రౌటరుకు తగిలింపగా నిమిషమునకెల్ల తెరమీది మాటలు మారెను. డయల్ టోను లేదనుట మాని యంత్రము “డయల్ చేయుచున్నాను” అనెను. మా చిరంజీవి గంతులు వేసెను. అరనిమిషమైన తరువాత “జవాబు లేదు” అనెను. మరల మరల నదే. పలకలోని చిట్టా తీసి చూడగా అంకె యొక్కటియు వినిన జాడ లేదు. ఒకరు పిలుచుచునే యున్నారు, ఒకరు వినుటకు సిద్ధముగనే యున్నారు, మాట మాత్రము అందుటలేదు.

మా వారు రాత్రులయందు ఆ గదిమీదుగా నటునిటు తిరుగుచుండెడివారు. మొదటివారము చూడనట్లుండిరి. రెండవవారము, “చీకట్లో కళ్ళు పాడుచేసుకుంటారు” అని టార్చిదీపము తెచ్చియిచ్చిరి. ఒకనాటి యుదయమున మేము పుస్తకము తెరచి చూతుము గదా, మా వ్రాతలోని అక్షరదోషములన్నియు ఎర్రసిరాతో దిద్దబడియున్నవి! బడిపంతులుగారి అలవాటు. పుట చివర వారి దస్తూరిలో నొక ప్రశ్న యుండెను: “యంత్రమున ముందునుండి యున్న అమరికలు ఎవరు చేసిరి? ఎప్పుడు? ఎందులకు?”

ఆ ప్రశ్న మాకు తోచియుండలేదు. సంఖ్య యేదైనను సరియే, పేరేదైనను సరియేయని డ్రీమ్‌పై వాడువారు చెప్పుటచే, యంత్రములో పూర్వము దాచియున్న అమరికలను మేము తెరచియైనను చూడలేదు. బ్యాటరీ చచ్చినను ఆ యమరికలు వేరు చోట భద్రముగ నుండును. వానిని మార్చుటకు వేరొక డిస్కు కావలెనట. అది మాకు కనబడలేదు. ఎక్కడున్నదో, అందేమున్నదో తెలిసినవారు లోకమున నొక్కరే. మేము మా వారి ముఖము చూచితిమి. వారు గోడగడియారము చూచిరి. అప్పుడుదయము ఆరు గంటలు. న్యూజెర్సీలో ముందునాటి రాత్రి ఎనిమిదిన్నర. లేచి వెళ్లి తామే ఫోను చేసిరి. నాలుగేండ్లలో తామై చేయుట అదియే మొదలు.

మేము వంటింటిలోనుండి వింటిమి. కుశలప్రశ్న లేదు. “అన్నయ్యా, ఆ డ్రీమ్‌కాస్టులో ఫోను అమరిక ఏం పెట్టావు?” అని మొదలిడిరి. ఆవల కొంత మౌనము. పిదప బావగారి గొంతు, ఫోను బిగ్గరగా పెట్టుటచే మాకును వినవచ్చెను. “ఏరా, అది ఇంకా ఉందా? నువ్వు మరిచిపోయినట్టున్నావు. 2005లో మన ఇంటి ఫోనుకు తగిలించి చూశాం కదా. ఆ ఫోను పల్సులో ఉండేదని దీన్నీ పల్సుకే మార్చాను. డిస్కు బీరువా అడుగు అరలో, నాన్నగారి పంచాంగాల కింద పెట్టాను.”

అంతయు అందే యున్నది. టెలిఫోనునందు సంఖ్య పంపుటకు రెండు పద్ధతులు. అంకెకు తగినన్ని మారులు తీగను తెంపి కలుపుట పల్సు పద్ధతి; ఒక్కొక్క అంకెకు రెండేసి స్వరములను జతగా పలికించుట టోను పద్ధతి. మా పలక స్వరములను వినుటకు చెవినిడి కూర్చున్నది. యంత్రము టక్కుటక్కున తీగను తెంపుచున్నది. ఇద్దరిలో నొకరియందును దోషము లేదు. ఒకరి పద్ధతి యొకరికి తెలియదు.

ఫోను అంతటితో పెట్టివేయుదురనుకొంటిమి. పెట్టలేదు. బావగారే యనిరి: “ఆ రోజు అమ్మ ఎంత కేకలేసిందో గుర్తుందా? ఫోను మీరు పట్టుకు కూర్చుంటే ఎవరైనా చేస్తే ఎలాగరా అని, గంటసేపు గుమ్మం దగ్గరే నిలబడింది.” మా వా రేమియు ననలేదు. కొంతసేపటికి, “నీ ఫోనే వస్తుందని నిలబడేది, అన్నయ్యా. నువ్వు ఇంట్లో ఉన్నావన్నది మరిచిపోయి. అలవాటు” అనిరి. ఆవల బావగారి గొంతు పూడుకొనెను. మేము పొయ్యి తగ్గించి పెరటిలోనికి వెడలితిమి. ఆ తరువాతి మాటలు మేము వినవలసినవి కావు. తిరిగి వచ్చునప్పటికి ముప్పావుగంట గడచెను, పాలు చల్లారెను, మా వారు బీరువా యెదుట నేలమీద కూర్చుండి పంచాంగములు తీయుచుండిరి.

డిస్కు పెట్టి, పల్సు తీసి టోను చేసితిమి. తెరమీద బావగారు ఆనాడు వాడిన న్యూజెర్సీ సంఖ్య యింకను నుండెను. ఏ సంఖ్యయైనను చెల్లును గనుక దానిని మార్చలేదు. యంత్రము డయల్ చేసెను, పలక అంకెలు వినెను, కలిసెను. వేగము సెకనుకు 33.6 కిలోబిట్లకు లోపలనే. యంత్రపు మోడెము 56 కిలోబిట్లది గదా, ఇది మరియొక దోషమాయని మా చిరంజీవి దిగులుపడెను. ఆ యధిక వేగము ఆవలికొన టెలిఫోను సంస్థవారి డిజిటల్ మార్గమున నున్నపుడే కలుగును. రెండు మోడెములు తీగతో నెదురెదురుగా కలిసినపుడు 33.6కు మించదు. అది దోషము కాదు, స్వభావము. దోషమును దిద్దవలెను, స్వభావమును ఓర్చుకొనవలెను. ఈ రెంటికి భేదము తెలియక మనము యంత్రములనే గాక మనుష్యులనుకూడ ఎంతగనో సతాయింతుము.

పిల్లలు ఎన్నుకొన్న యాట ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ అనునది. 2000 డిసెంబరులో జపానులోను, మరుసటి జనవరిలో అమెరికాలోను వెలువడినది. నలుగురు వరకు జట్టుకట్టి ఒకరికొకరు సాయపడుచు అరణ్యములలో, గుహలలో భూతములతో పోరుదురు. ఒకరి నొకరు ఓడించు ఆటలు వేరుగ కలవు. వానిలో కొన్నింట నొకరి యంత్రమే మిగిలినవారికి విడిదిగా నుండవలెను. మాకు ఇంటర్నెట్టు ఇచ్చువారు ఒకే బహిరంగ చిరునామాను అనేక గృహములకు పంచి యిచ్చుటచే, బయటివారు మా తలుపు తట్టుటకు వీలులేదు. ఈ యాటలో నందరును ఒక ఉమ్మడి సర్వరునకే పోయి కలిసికొందురు గనుక ఆ చిక్కు లేదు. మరియొక సౌకర్యము కూడ కలదు. ముందే కూర్చిన మాటలనుండి వాక్యమును ఏరుకొని పంపినచో చదువువారికి వారి భాషలో కనబడును. జపానీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, ఈ అయిదు భాషలే అందున్నవి. మన తెలుగు లేదు. ఐనను సిగ్గరియైన మా వానికి అది చాలెను. తొలినాడు వాడు ఏరుకొన్న మాట “సాయము చేయుము” అనునది. అన్న పరుగున వచ్చెను.

ఇప్పుడు ఆదివారము ఉదయము ఆరింటికి పిల్లలు గంటసేపు ఆడుదురు. గంట దాటరాదని మా వారి కట్టడి. ఆట ముగిసిన పిదప అన్నదమ్ములు ఫోనులో మాటలాడుకొందురు. ఒకనాడు తగవు కూడ పడిరి, తల్లి చేతి ఉలవచారులో బెల్లము పడునా పడదా యని. మాకు సంతోషమే కలిగెను. వరిధర మాట యిప్పుడు రాదు.

సోదరీమణులారా! మేము నేర్చిన సంగతులు రెండని మొదట చెప్పితిమి. యంత్రము పలుకనపుడు గొలుసును ఒక కొననుండి పట్టుకొని వరుసగా చూడవలెను. మొదట విద్యుత్తు, పిదప తీగ, పిదప ఇంటర్నెట్టు, కడపట అమరిక. ఒకమారు ఒకటే మార్చవలెను, వ్రాసి పెట్టుకొనవలెను, పరీక్షించు సాధనము ఆ పరీక్షకు తగినదేనాయని ముందు చూచుకొనవలెను. ఇది మిక్సీకిని, నీళ్ల మోటారుకును కూడ చెల్లును.

రెండవది యిది. ఆ పాత యంత్రము చెడిపోయి మూగపడియుండలేదు. తీగలో ధ్వని వినబడువరకు అది పిలువదు, అంతే. మన బంధువర్గములో నెందరో యిట్లే యుందురు. వారు పిలువలేదని మనమును, మన తీగ పలుకలేదని వారును ఏండ్లు గడుపుదుము. ఆ ధ్వనిలో గొప్ప మాట యేమియు ఉండనక్కరలేదు. ఫలానా డిస్కు ఎక్కడ పెట్టితివని యడుగుటయైనను చాలును.

ట్రాన్స్‌ఫార్మరు నడిమిగదిలోనే యున్నది. పెరటి తలుపు గాలికి కొట్టుకొనుచునే యున్నది. దానిని తిరిగి అక్కడ పెట్టుదమని మా యింట ఇంతవరకు నెవ్వరును అనలేదు.